ఫోన్లో చూసిన గేటు

భీమవరం అవతల, రొయ్యల చెరువుల మధ్య ఒక ఊరుంది. పేరు రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఆ ఊళ్లో చూడదగ్గ కోట లేదు, తిరునాళ్లు లేవు. నేను వెళ్లింది ఒక ప్రహరీగోడను చూడడానికి. ఇంటి నుంచి కదలకుండా ఆ గోడను ఫోన్లో అప్పటికే చాలాసార్లు చూశాను. చూసిన కొద్దీ అనుమానం పెరిగింది కాబట్టి బయలుదేరాను.

మా మనవరాలు కీర్తన కాకినాడలో బ్యాంకు ఉద్యోగి. అదే బ్యాంకులో పనిచేసే అబ్బాయి సంబంధం వచ్చింది. వచ్చింది అనడం కంటే కీర్తనే తెచ్చుకుంది అనడం నిజం. అబ్బాయి నచ్చాడని వాళ్లమ్మతో, అంటే మా అమ్మాయితో, ముందే చెప్పేసింది. మా అమ్మాయీ అల్లుడూ మాత్రం "నాన్నగారు వాకబు చేసి సరేనంటే సరే" అన్నారు. ఫలానా ఇంటివాళ్లు ఎలాంటివాళ్లో, మనం ఎవరమో చెప్పకుండా నలుగురినీ అడిగి తెలుసుకోవడమే వాకబు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే. పెళ్లిచూపులు ఆదివారం, పంచమి నాడు, ధవళేశ్వరంలో మా ఇంట్లోనే అని నిశ్చయమైంది. ఈలోగా నేను ఒక మాట చెప్పాలి.

"వెళ్లి చూడు తాతయ్యా, వద్దనను. కానీ ఫొటో చూసి మాత్రం వద్దనకు," అంది కీర్తన ఫోన్లో. ఆ మాట అనేటప్పుడు దాని గొంతు మామూలుగా లేదు.

అబ్బాయి నాన్నగారు వెంకటరమణ గారు పంపిన అడ్రసును మ్యాపులో వెతికితే వీధి ఫొటోలు వచ్చాయి. పైన కెమెరా కట్టిన కారు ఒకటి ఊరూరా తిరిగి తీసిన ఫొటోలట. వేలితో నొక్కుకుంటూ పోతే వీధిలో నడుస్తున్నట్టే ఉంటుంది. కాలవ గట్టు దాటి, కరెంటు స్తంభం దాటి, వాళ్ల ఇంటి ముందుకి చేరాను. మూసిన గేటు ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. వీపులు మాత్రమే కనిపిస్తున్నాయి, ఒకరిద్దరు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ఒక ఆటో అడ్డంగా ఆగి ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. మనుషుల మొహాల్ని, బళ్ల నంబర్లని మసకబారుస్తారట. ఆ యంత్రం గోడ మీది రాతను కూడా నంబరు పలక అనుకుందేమో, దాన్నీ మసక చేసేసింది. ఇంకొక్క అడుగు ముందుకు నొక్కాను. జనం మాయం. ఆటో మాయం. ఎర్ర అక్షరాల్లేవు, తెల్లగా సున్నం కొట్టిన గోడ ఉంది.

మీరైతే ఏమనుకుంటారు? చీటీలు వేసి ఎగ్గొట్టిన ఇంటి ముందు జనం ఎలా నిలబడతారో నేను చూశాను. జప్తు నోటీసు గోడ మీద ఏ రంగుతో రాస్తారో కూడా చూశాను. ముందు గొడవ జరిగింది, తరవాత సున్నం కొట్టించారు. నాకు తోచిన వరస అది.

పైగా నేను ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలవల మ్యాపులు గీసిన చెయ్యి ఇది. మ్యాపులో ఏది ఎందుకు చూపిస్తారో, ఏది ఎందుకు వదిలేస్తారో తెలిసినవాడికి మ్యాపు మీద నమ్మకం తక్కువగానే ఉంటుంది.

కడియం: ముందుగా ఒక పరీక్ష

సోమవారం చతుర్దశి, మంగళవారం అమావాస్య, బుధవారం పాడ్యమి. ఈ మూడు రోజుల్లోనూ మంచి పనికి ఎవరూ బయలుదేరరు. గురువారం విదియ వచ్చేదాకా ఆగాలి. ఈలోగా ఫోనును పరీక్షిద్దామని సోమవారం సాయంత్రం కడియం వెళ్లాను. దగ్గరే కాబట్టి అది ప్రయాణం కిందికి రాదు.

ఫోన్లో ఒక నర్సరీ గేటు ముందు గులాబీ రంగు కాగితం పూలు విరగబూసి ఉన్నాయి. అసలు గేటు దగ్గర ఒట్టి మట్టి, ఖాళీ సంచులు. నర్సరీ ఆయనకి ఫొటో చూపించి ఈ పూలేవండీ అని అడిగాను.

"అయ్యో, అవెప్పుడో లారీ ఎక్కేశాయండి. ఇప్పుడు ఢిల్లీలో ఎవరి బంగళా ముందో ఉంటాయి. మీ ఫోన్లో అక్కడ వెతకండి, కనపడతాయి," అన్నాడాయన.

ఫొటో పాతదని తేలింది. ఎంత పాతదో తేలలేదు. కీర్తన నా కళ్ల కోసం ఫోన్లో అక్షరాలన్నీ పెద్దవి చేసి పెట్టింది. ఆ పెద్ద అక్షరాల ధాటికి తెర అడుగున ఉండాల్సిన తారీఖు తెర బయటికి వెళ్లిపోయింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

గురువారం: ఆత్రేయపురం దారిలో టీ కొట్టు

భీమవరానికి నేరుగా బస్సుంది. అయినా ఎక్కలేదు. ఆగి ఆగి వెళితే ఫోను చెప్పేది ఎక్కడ నిజమో ఎక్కడ కాదో సరిచూసుకోవచ్చు. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంకకి షేర్ ఆటోలో వెళ్లాను. గోదావరి ఎర్రగా లేదు, పచ్చగానూ లేదు, టీ రంగులో ఉంది. ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో కోడిపెట్ట ఉంది. దారంతా అది నా ఫోనునే చూసింది.

బొబ్బర్లంక దాటాక ఒక టీ కొట్టు దగ్గర దిగాను. ఫోన్లో ఆ కొట్టు ఉంది, ముందు బల్ల ఉంది, నీలం కుర్చీ ఉంది. నిజంగానూ కొట్టుంది, బల్లుంది. కుర్చీ లేదు. టీ పది రూపాయలు. మా వైపు అదే పది రూపాయలకి ఇంకా చిన్న గ్లాసు ఇస్తారు. కొట్టు యజమానురాలు వెనక నుంచి తొంగి చూసింది.

"అది మా కొట్టేనా అండి?"

"అవునమ్మా. ఇది నువ్వే."

ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుంది. "నా మొహం ఏంటండీ, పాలు విరిగినట్టుంది?"

"ఎవరూ గుర్తుపట్టకుండా అలా చేస్తారట."

"నా కొట్టు ముందు నన్ను గుర్తుపట్టక ఎవర్ని గుర్తుపడతారండి!" అని ఒక్కసారిగా ఆగింది. "కుర్చీ! నిరుడు ఎవరో ఎత్తుకుపోయారండి ఈ కుర్చీని. కాస్త ముందుకి నొక్కండి. ఎత్తుకెళ్లినోడు కూడా పడ్డాడేమో చూద్దాం."

నొక్కాను. తరవాతి ఫొటోలో కుర్చీ ఉంది, కొట్టు మూసి ఉంది. ఆవిడకి నిరాశ. "అక్కర్లేనిదంతా చూపిస్తుంది," అని గ్లాసులు కడగడానికి వెళ్లిపోయింది. ఆ తీర్పు నాకు నచ్చింది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాను. బెల్లంవి, నెయ్యి ఎక్కువ వేసినవి. వాకబుకి వెళ్లేవాడు స్వీట్లు పట్టుకెళ్లకూడదు, పట్టుబడిపోతాడు. అవి ఇంటికని సంచి అడుగున పెట్టాను. ఈ వైపు కొట్లలో ఒక అలవాటుంది. కొనకముందే ఒకటి చేతిలో పెట్టి తినమంటారు. తిన్నాక కొనకుండా రావడం కష్టం. మా వైపు కొన్నాకే తినమంటారు. ఏది నిజాయితీయో నేను తేల్చుకోలేకపోయాను.

రావులపాలెం: అరటి గెలలు

రావులపాలెం మార్కెట్లో గెలలు రోడ్డు దాకా పరుస్తారు. సైకిళ్లకి రెండు పక్కలా గెలలు కట్టుకుని వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. ఫోన్లో అదే చోటు బోసిగా, నున్నటి రోడ్డుగా ఉంది. బహుశా మార్కెట్ లేని పూట తీసి ఉంటారు. ఫోను చెప్పినట్టు రోడ్డు ఖాళీగా ఉందన్న ధీమాతో, తెర మీదే కళ్లు పెట్టి నడిచి, ఒక గెలల గుట్ట మీద కూర్చుండిపోయాను.

"లేవండి లేవండి, అవి చక్కెరకేళీలండీ బాబూ!" అని ఒకాయన నా రెక్క పట్టుకుని లేపాడు. "కళ్లుండగా ఫోనుతో చూస్తారేంటండి?"

"ఇందులో ఇక్కడ గెలల్లేవు," అన్నాను. ఆ సమయంలో నోటికి వచ్చిన జవాబు అదే.

"అందులో లేకపోతే ఇక్కడ లేనట్టేనా? రేపు అందులో నేను లేకపోతే నా డబ్బులు ఎగ్గొడతారా ఏంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దెబ్బ తగల్లేదు. కానీ కొత్తగా ఉతికించిన తెల్ల పంచె మీద అరటి జిగురు పట్టింది. అరటి మరక ఎంత ఉతికినా పోదు, రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఆ మరకతోనే సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి, పెనుగొండ మీదుగా చీకటి పడకముందే భీమవరం చేరాను.

భీమవరం: మెస్సు భోజనం

లాడ్జికి ఎదురుగా ఒక మెస్సు ఉంది. అరిటాకు వేసి, కంది పచ్చడితో మొదలుపెట్టారు. ఈ ఊళ్లో వడ్డన ఒక రకమైన పోటీ. చాలు అంటే ఇంకొంచెం వేస్తారు. చెయ్యి అడ్డం పెడితే చేతి పక్క నుంచి వేస్తారు.

"చాలు బాబూ."

"చాలంటే ఎలాగండి, ఇంకా పప్పుచారు రాలేదు."

ఎదురుగా కూర్చున్న ఆయన రొయ్యల మేత కంపెనీకి తిరిగే మనిషి. ఆయన దగ్గర వాకబు మొదలుపెడదామనిపించింది. ఫలానా ఊళ్లో వెంకటరమణ గారని తెలుసా అని అడిగాను.

"ఆయ్, తెలుసండి. మంచి మనిషి."

"ఎలా మంచివారు?"

ఆయన ముద్ద ఆపి నా వైపు చూశాడు. "మంచిలో రకాలుంటాయా అండి?"

ఉంటాయి. అడగ్గానే మంచివాడు అనేవాళ్లని నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోను. కాస్త ఆలోచించి చెప్పేవాళ్లనే నమ్ముతాను. గదికి వచ్చి మళ్లీ ఫోను తీశాను. పెద్ద ఊళ్లని పైనుంచి గద్ద చూసినట్టు, మేడలు పైకి లేచినట్టు చూపించే ఇంకో చూపు కూడా ఉందని కీర్తన చెప్పింది. మా ఊళ్లకి అది ఇంకా రాలేదు. రాకపోవడమే మంచిది. ముందు నుంచి చూస్తేనే ఇన్ని అనుమానాలు వస్తున్నాయి, పైనుంచి కూడా చూస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. గేటు, జనం, ఎర్ర అక్షరాలు, మళ్లీ ఖాళీ గోడ. నొక్కి నొక్కి చూసి పడుకున్నాను. సరేనని చెప్పడానికి కారణం కనపడలేదు. వద్దని చెప్పడానికి కీర్తన గొంతు అడ్డం వచ్చింది.

శుక్రవారం: చెరువుల మధ్య ఊరు

బస్సు దిగాక రోడ్డుకి రెండు వైపులా చెరువులే. నీళ్లలో గాలి పుట్టించే చక్రాలు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఇవన్నీ వరి చేలు, నేను గీసిన మ్యాపుల్లో ఆకుపచ్చగా ఉండేవి. ఇప్పుడు గాలిలోనే ఉప్పు వాసన ఉంది.

వాకబుకి ఒక పద్ధతుంది. నేరుగా ఆ ఇంటికి వెళ్లకూడదు. ఆ వీధి మొదట్లో ఉన్న కొట్టు దగ్గర ఆగి, ఏదో ఒకటి కొని, వేరే పని మీద వచ్చినట్టు మాట కలపాలి. కిరాణా కొట్టులో నలభై ఏళ్ల ఆవిడ శనగపిండి పొట్లాలు కడుతోంది. గోళీ సోడా అడిగాను. ఉంది. మా వైపు కనుమరుగైపోయిన గోళీ సోడా అక్కడ ఇరవై రూపాయలు.

"ఇక్కడ చెరువులు లీజుకి ఇస్తారా అమ్మా?"

"ఇస్తారండి. ఎన్ని ఎకరాలు కావాలి?"

"ఏదో... మధ్యరకంగా."

"ఏ రొయ్య వేస్తారండి? వెనామీయా, టైగరా?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. "రెండూ," అన్నాను.

ఆవిడ పొట్లం కింద పెట్టి నా గొడుగుని, పంచెని, పంచె మీద మరకని వరసగా చూసింది. "రావులపాలెం మీదుగా వచ్చారా అండి?"

"ఎలా తెలిసింది?"

"అరటి మరక అండి. సంబంధం వాకబుకేగా వచ్చారు?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలేంటండీ! చెరువు లీజుకొచ్చేవాళ్లు బుల్లెట్ల మీద వస్తారు. గొడుగేసుకుని, పంచె కట్టుకుని, రెండూ వేస్తానన్నవాళ్లని నేను చూళ్లేదు. ఇంతకీ ఏ ఇల్లు?"

చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వు ఆపుకుని వీధి చివరకి చెయ్యి చూపించింది. "రమణ గారిల్లా! దానికి నన్నడగడమెందుకండి. వెళ్లి ఆ నీళ్లు తాగండి, తెలుస్తుంది."

ఇదీ అడగ్గానే చెప్పిన మంచి మాటే. ఈవిడకి ముందే చెప్పి ఉంచారేమో అనుకుంటూ నడిచాను.

గోడ

ఇల్లు వెంకటరమణ గారు చెప్పినట్టు డాబాయే. అబద్ధం చెప్పలేదు. గేటు అదే, కరెంటు స్తంభం అదే. గోడ మీద ఎర్ర అక్షరాలు ఉన్నాయి, మసక లేకుండా.

"మంచినీళ్లు కావలసినవారు గేటు తీసుకుని లోపలికి రండి. వెళ్లేటప్పుడు గేటు వేయండి. దూడ ఉంది."

మొదటి నుంచి మళ్లీ చదివాను. నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది సంతోషం కాదు. ఆదివారం లోపు మా వైపు వాళ్లెవరో వాకబుకి వస్తారని తెలిసి, నిన్నో మొన్నో రాయించి ఉంటారనిపించింది. దగ్గరికి వెళ్లి ఒక అక్షరాన్ని గోరుతో గీకాను. రంగు ఊడి రాలేదు. ఎండకి వెలిసి ఇటుక రంగులోకి దిగి ఉంది.

మరి ఫోన్లో ఆ ఖాళీ గోడ? ఫోను తీసి రెండు ఫొటోలనీ అసలు గోడ పక్కన పెట్టి చూశాను. అప్పుడు కనిపించింది. గేటు పక్కన ఒక కొబ్బరి చెట్టుంది, ఇప్పుడు దాని మట్టలు గోడ మీదికి వాలుతున్నాయి. జనం ఉన్న ఫొటోలో అది గోడకి కాస్త తక్కువ ఎత్తులో ఉంది. ఖాళీ గోడ ఉన్న ఫొటోలో అది మోకాలెత్తు మొక్క.

అంటే ఖాళీ గోడ ముందుది. జనం తరవాత వచ్చారు. కారు ఆ వీధికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్ల ఫొటోల్నీ పక్కపక్కనే అతికించారు. వీధిలో ముందుకి నొక్కుతుంటే కాలంలో కూడా ముందుకే వెళుతున్నానని నేను అనుకున్నాను. ఒక్క అడుగులో వెనక్కి వెళ్లిపోయానని తెలియలేదు. సున్నం కొట్టి రాత చెరిపెయ్యలేదు, సున్నం గోడ మీద రాత రాయించారు. ఎన్నో కాలవ మ్యాపుల మీద ఏది పాతదో ఏది కొత్తదో సరిచూసి సంతకం పెట్టిన నేను, ఆ ఒక్క ప్రశ్నా ఈ మ్యాపుని అడగలేదు. ఊరి పేరు రాయనిదీ అందుకే, మీరూ ఫోన్లో వెతికి నాలాగే పొరబడతారు.

"గోరుతో గీకుతున్నారేంటండీ? పెయింటు ఊడుతోందా?"

గేటు లోపల ఒకావిడ నిలబడి ఉంది. వెనక నిజంగానే దూడ ఉంది. అబ్బాయి తల్లి భారతి గారు ఆవిడే అని తరవాత తెలిసింది.

"లేదమ్మా. నీళ్లు..."

"రండి, లోపలికి రండి. ఎండలో నిలబడ్డారు పాపం."

వరండాలో ఫిల్టరు, దానికి రెండు కుళాయిలు. చెరువులు వచ్చాక ఊళ్లో బావులన్నీ ఉప్పనైపోయాయట. సాయంత్రం పూట బిందెలూ క్యాన్లూ పట్టుకుని వీధంతా ఇక్కడికే వస్తుందట. ఫొటోలో ఆ ఆటో అడ్డం లేకపోతే నాకు బిందెలు కనపడి ఉండేవి. చెంబెడు నీళ్లు తాగాను. బాగున్నాయి. ఫిల్టరు ఎన్నాళ్లకి మారుస్తారో మాత్రం అడగలేదు.

"మీరు ఏ ఊరి నుంచండి?"

"రాజమండ్రి వైపు."

"అలాగా! మా ఆయన కూడా నిన్న రాజమండ్రే వెళ్లారండి. కడియంలో కొబ్బరి మొక్కలు చూడాలని. గట్టు మీద మొక్కలు నాటే కాలం కాదు కదా అంటే, విదియ కదా, మంచి రోజు, అన్నారు." ఆవిడ నా పంచె మరక వైపు చూసి పెదవులు బిగించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. కొట్టు ఆవిడ ఫోను నా కంటే ముందే నడిచి వచ్చేసినట్టుంది.

నేను వరండా చివరికి వెళ్లి మా ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ సుభద్ర ఎత్తింది.

"అక్కడికి ఎవరైనా వచ్చారా?"

"వచ్చారండి. ఇక్కడే ఉన్నారు. భోంచేస్తున్నారు."

"ఎవరాయన?"

"కడియం దారి అడిగారు. బస్టాండులో అడగాల్సిన దారి మన గేటు దగ్గర అడుగుతుంటేనే అర్థమైంది నాకు. గుత్తి వంకాయ చేశాను, కాళ్లు కడుక్కోండి అన్నాను."

"నీకు తెలిసిపోయిందని ఆయనకి తెలుసా?"

"ఇంకా లేదు. కూర అయ్యాక చెబుదామనుకున్నాను. మీరు ఎక్కడున్నారు?"

"వాళ్లింట్లో."

ఫోన్లో ఆవిడ నవ్వడం, పళ్లెం చప్పుడు, తరవాత ఒక మగ గొంతు.

"నమస్కారమండి. వెంకటరమణనండి."

"నమస్కారమండి. నేను మీ ఇంట్లో ఉన్నాను."

"ఆయ్. నేను మీ ఇంట్లో ఉన్నానండి."

ఇద్దరిళ్లల్లోనూ గోడకి ఉండేది అవే తిథుల క్యాలెండరు. చతుర్దశికి, అమావాస్యకి, పాడ్యమికి ఇద్దరం ఆగాం. విదియ నాడు ఇద్దరం బయలుదేరాం. ఏ వంతెన మీదో ఎదురెదురు బస్సుల్లో ఒకరినొకరు దాటుకుని ఉంటాం.

"ఒక్క మాట అడగొచ్చా అండి?" అన్నారాయన.

"అడగండి."

"కుక్క ఏదండీ?"

నాకు అర్థం కాలేదు. ఆయన వివరంగా చెప్పారు. వాళ్ల అబ్బాయి ఫోన్లో మా వీధి చూపించాడట. మా గేటుకి "కుక్క ఉన్నది జాగ్రత్త" అనే బోర్డు, గేటు ముందు బనియనుతో, చేతిలో కర్రతో, మొహం మసకబారిన ఒక పెద్దమనిషి. కాళ్లు ఎడంగా పెట్టి నేరుగా కెమెరా వైపే చూస్తున్నాడట.

"మావాళ్లు అది చూసి వద్దే వద్దన్నారండి. మన పిల్లాడు ఆ గుమ్మం ఎలా ఎక్కుతాడన్నారు. పిల్లాడేమో ఆ అమ్మాయి తప్ప వద్దంటున్నాడు. నేను చూసొస్తాను, అప్పటిదాకా నోళ్లు మూసుకోండని బయలుదేరానండి. మీ గేటు కొట్టడానికి పావుగంట ఆలోచించాను. ముందు జాగ్రత్తకి ఒక కొమ్మ కూడా విరుచుకున్నాను."

ఆ కారు నాకు గుర్తుంది. పైన బుడ్డిలాంటిది పెట్టుకుని నెమ్మదిగా వెళ్లింది. ఇంటి పన్ను పెంచడానికి కొలుస్తున్నారేమోనని తేరిపార చూశాను. చేతిలో కర్ర కోతుల కోసం. బొప్పాయి చెట్టు మీద ఒక్క కాయ ఉంచవు. కుక్క మాకు ఎప్పుడూ లేదు. బోర్డు చందాలవాళ్లు, వస్తువులు అమ్మేవాళ్లు రాకుండా పెట్టింది. ఇదంతా చెప్పాను.

"కోతులా అండి!" అని ఆయన చాలాసేపు నవ్వారు. "మరి మీరు మా గోడ మీద ఏం చూశారు?"

జప్తు నోటీసు అనుకున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి రాయించాల్సింది," అన్నారు.

తిరుగు ప్రయాణం

భారతి గారు భోజనం పెట్టకుండా వదల్లేదు. అదే మెస్సు పద్ధతి, చెయ్యి పక్క నుంచి వడ్డన. సంచి అడుగున ఉన్న పూతరేకులు ఆవిడ చేతిలో పెట్టాను. ఇక దాచవలసింది ఏమీ లేదు. వచ్చేటప్పుడు గేటు వేశాను. దూడ నా వెనకే గేటు దాకా వచ్చింది.

సిద్ధాంతం వంతెన మీద బస్సు వెళుతుంటే కీర్తనకి ఫోను చేశాను.

"ఏమంటావు తాతయ్యా?" వెంటనే అడిగింది. ఇంకేమీ అడగలేదు.

"సరేనంటాను. ఫిల్టరు సంగతి ఒకటి అడగాలి."

"ఏ ఫిల్టరు?"

"ఆదివారం చెబుతాలే."

మా ఇంటికి వచ్చి ఆ రోజే బోర్డు తీసేశాను. రెండు మేకులు మాత్రం గేటుకి ఉండిపోయాయి, తుప్పుపట్టి ఊడి రాలేదు. ఫోన్లో ఉన్న మా ఇంటి ఫొటో సంగతి కీర్తనని అడిగాను. ఫిర్యాదు చేస్తే ఇల్లు మొత్తాన్ని మసకబారుస్తారని చెప్పింది. వద్దన్నాను. మొత్తం మసకబారిన ఇంట్లో ఏముందోనని నేనైతే అనుమానపడతాను. ఇంకెవరైనా నాలాగే అనుకుంటారు.

ఆదివారం వాళ్లు వచ్చారు. గేటు నేనే తీశాను, మంచి చొక్కా వేసుకుని, కర్ర లేకుండా. వెంకటరమణ గారు లోపలికి వస్తూ ఆ మేకుల దగ్గర ఆగి, "కుక్కని కట్టేశారా అండి?" అన్నారు. మా ఆవిడ లోపలి నుంచి, "లేదండి, చొక్కా తొడిగాం," అంది. అందరూ నవ్వారు, కీర్తన అందరికంటే ఎక్కువగా.

పెళ్లి మాఘంలో. శుభలేఖ మీద మా ఇంటి అడ్రసు ఉంటుంది. అది చదివి రాబోయేవాళ్లు కూడా ముందు ఫోన్లోనే వెతుకుతారు. ఆ కారు మా వీధికి మళ్లీ వచ్చేదాకా వాళ్లకి ఆ గేటు ముందు నేనే కనిపిస్తాను, కర్ర పట్టుకుని, మొహం లేకుండా. ఈ యాత్రాకథనం రాసింది ముఖ్యంగా వాళ్ల కోసం. గేటు కొట్టండి. లోపల కుక్క లేదు.